‘అన్నిటికీ వస్తది’ అనే సామానుతో జాగ్రత్త

నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల ఊళ్లలో రేకుల షెడ్ల కింద, టార్పాలిన్ కప్పి పెట్టిన పాత అంబాసిడర్లు, జీపులు ఇంకా కనిపిస్తుంటాయి. నాయిన కొన్న మొదటి కారు అని ఒకరు, సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో పంటలు బాగా పండిన రోజుల్లో కొన్నదని ఇంకొకరు వాటిని అమ్మకుండా ఉంచుకున్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఆ బండిని మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడుతున్నారు. మంచి ముచ్చటే. మెకానిక్ కూడా దొరుకుతాడు. ఈ ఇంజిన్లు పానాలతో, ఓపికతో విప్పి బిగించేవే తప్ప కంప్యూటర్ తగిలించి చూడాల్సినవి కావు. పని ఆగిపోయేది సామాను దగ్గర.

అంబాసిడర్‌ను తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపాడా ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. అది కొన్నది బ్రాండును. మీ బండికి కావలసిన డోరు గొళ్లెం, కింగ్ పిన్ బుష్ దానితో రాలేదు. అంటే ఇవాళ దుకాణంలో ‘అంబాసిడర్ సామాను’ అని మన చేతిలో పెట్టేది మూడింటిలో ఏదో ఒకటి అవుతుంది: కంపెనీ నడిచిన రోజుల్లో తయారై అటక మీద మిగిలిపోయింది, బయటి తయారీదారులు చేసింది, లేదా ఇంకో బండి నుంచి ఊడదీసింది. కౌంటర్ అవతలి మనిషి మాత్రం మూడింటికీ ఒకటే మాట చెబుతాడు: “తీస్కపో అన్నా, అన్నిటికీ వస్తది.”

ఆ మాట ఒక్కోసారి నిజమే. నిజం కానప్పుడు మాత్రం ఖర్చు సామానుతో ఆగదు. బిగించిన కూలి, మళ్లీ విప్పిన కూలి, బలవంతంగా ఎక్కించడంలో పాడైన మన బండి భాగం, అన్నీ మన నెత్తిమీదే పడతాయి. కాబట్టి ఏ సామాను కూర్చుంటుంది, ఏది కూర్చోదు అన్నది కొనకముందే తేల్చుకునే పద్ధతి తెలిసి ఉండాలి. ఆ పద్ధతి దుకాణంలో మొదలవదు. మన షెడ్డులో మొదలవుతుంది.

ముందుగా తెలుసుకోవలసింది, అంబాసిడర్ అంటే ఒకే కారు కాదని. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద 1950ల చివర్లో వచ్చిన ఈ బండి బయటి రూపం అర్ధశతాబ్దం పాటు పెద్దగా మారలేదు. చూసేవాళ్లకు అన్నీ ఒకటే. లోపల మాత్రం మారుతూ వచ్చింది. మార్క్ 2 1962లో, మార్క్ 3 1975లో, మార్క్ 4 1979లో, నోవా 1990లో వచ్చాయి. తొలి బండ్లలో ఉన్న 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజిన్ పోయి, కొద్దికాలానికే 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజిన్ వచ్చింది. మనవాళ్లలో చాలామందికి తెలిసిన పెట్రోల్ అంబాసిడర్ ఇదే. 1980 ప్రాంతంలో డీజిల్ వచ్చింది. 1990ల తొలి ఏళ్లలో జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, దానితోపాటు ఐదు గేర్ల పెట్టె వచ్చాయి. ఇంజిన్ మారితే క్లచ్చు, మౌంటింగులు, రేడియేటర్ గొట్టాలు మారతాయి. గ్రిల్లు, డ్యాష్‌బోర్డు, బంపర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇన్ని రకాల మధ్య ‘అంబాసిడర్‌ది ఇయ్యి’ అని అడగడం అడగనట్టే.

ఆర్సీ పుస్తకంలో ఉన్న సంవత్సరం ఒక్కటే చూసుకుని బయల్దేరితే కూడా తప్పుదారి పట్టవచ్చు. అది రిజిస్ట్రేషన్ సంవత్సరం. తయారైంది అంతకు ముందు ఏడాది కావచ్చు. పైగా ఈ బండ్లు నలుగురి చేతులు మారి వచ్చినవి. డీజిల్ చవకగా ఉన్న కాలంలో పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ ఎక్కించిన బండ్లు తక్కువేమీ కాదు. స్టీరింగ్ దగ్గరి గేరు తీసి కిందికి మార్చిన బండ్లున్నాయి. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టినవీ ఉన్నాయి. అందుకే ఒక సాయంత్రం బానెట్ ఎత్తి, టార్చి వేసుకుని, నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, గేరు ఎక్కడుంది, ముందు బ్రేకులు డ్రమ్మా డిస్కా, కరెంటు ఇచ్చేది డైనమోనా ఆల్టర్నేటరా, బ్యాటరీ ఏ తీగ బాడీకి బిగించి ఉంది. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పాత బ్రిటిష్ డిజైన్లలో పాజిటివ్ తీగను బాడీకి కలిపేవారు. ఆ సంగతి చూసుకోకుండా కొత్త ఆల్టర్నేటరో, రేడియోనో తగిలిస్తే మరుక్షణమే కాలిపోతుంది.

బండి మోడల్ ఏమిటో తేలాక రెండో ప్రశ్న: అది ఎంత అరిగింది? హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన, సింహాసనం లాంటి సీటున్న పసుపుపచ్చ కారు. వందేళ్లకు పైబడిన ఆ బండి తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అలాంటి దాంట్లో ప్రతి రంధ్రం, ప్రతి ఇరుసు ఫ్యాక్టరీ కొలతలోనే ఉంటుంది. మన అంబాసిడర్ అలా కాదు. పెళ్లి బృందాలను, ఎరువుల బస్తాలను, ఎలక్షన్ జెండాలను మోస్తూ లక్షల కిలోమీటర్లు తిరిగింది. పుస్తకంలోని కొలతకు అచ్చంగా తయారైన కొత్త పిన్ను కూడా అరిగిపోయిన మన రంధ్రంలో వదులుగానే ఉంటుంది. అప్పుడు ‘సామాను డూప్లికేట్’ అని తిట్టుకుంటాం. తప్పు సామానుది కాదు. సామాను మాట తర్వాత, ముందు మన బండిని కొలవాలి.

ఆ కొలతల్లో మొదటి చిక్కు అంగుళాలు, మిల్లీమీటర్లు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్, పాత విల్లీస్ డిజైన్ జీపు రెండూ అంగుళాల బండ్లు. ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చింది కాబట్టి మిల్లీమీటర్ల బండి. అంబాసిడర్‌లోనే ఇసుజు ఇంజిన్ ఉంటే ఇంజిన్ మిల్లీమీటర్లది. ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో బోల్టు దగ్గర చూడండి. పాత ఇంజిన్లో అయిదు బై పదహారు అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. హాలియాలో ఏ ట్రాక్టర్ సామాన్ల దుకాణంలోనైనా దొరికే ఎనిమిది ఎంఎం బోల్టు దానికి జంటగా కనిపిస్తుంది. రెండు చుట్లు తేలిగ్గా ఎక్కుతుంది కూడా. కానీ మొదటిదానికి అంగుళానికి 24 మరలు, రెండోదానికి దాదాపు 20. మూడో చుట్టుకు బిగుసుకుంటుంది. కుర్రాడు తుప్పేమో అనుకుని పొడుగు పానా వేసి లాగుతాడు. ఇంజిన్ బ్లాకులో మరలు కోసుకుపోతాయి. పది రూపాయల బోల్టుతో పోయే పని డ్రిల్లింగుకూ, కొత్తగా మర తియ్యడానికీ చేరుతుంది. చేత్తో చివరిదాకా తిరగని బోల్టును పానాతో తిప్పకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం నష్టాలు తప్పుతాయని నా నమ్మకం.

బ్రేకు సిలిండర్ల దగ్గరా ఇదే తంతు. ఏడు బై ఎనిమిది అంగుళం అంటే 22.2 మిల్లీమీటర్లు. ఆ పక్కనే మూడు బై నాలుగు అంగుళం అంటే 19 మిల్లీమీటర్లు. బయటి పోత ఒకేలా ఉండి లోపలి బోరు వేరుగా ఉన్న సిలిండర్లుంటాయి. బిగుస్తాయి, కారవు, బండి నడుస్తుంది. కానీ కుడి చక్రంలో ఒక సైజు, ఎడమ చక్రంలో ఒక సైజు పడితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ఆ లాగడం ఖాళీ రోడ్డు మీద తెలియకపోవచ్చు. గేదె అడ్డం వచ్చిన రోజు తెలుస్తుంది.

అదృష్టవశాత్తు పాత బండిలో ప్రతి ముక్కా అరుదైనది కాదు. చాలా ముక్కలకు ప్రపంచమంతటా నడిచే నంబరు ఉంటుంది. బాల్ బేరింగు మీద 6205 అని ఉంటే, ఏ దేశంలో చేసినా దాని లోపలి కొలత 25, బయటి కొలత 52, మందం 15 మిల్లీమీటర్లే. ఆయిల్ సీలు మీద 35, 52, 7 అని ఉంటే లోపలి, బయటి, మందం కొలతలన్నమాట. అలాంటివాటి కోసం అంబాసిడర్ పేరు ఎత్తవలసిన పనే లేదు. మోటార్లు, పంపుసెట్లు, ట్రాక్టర్ల సామాను అమ్మే చోట నంబరు చెబితే చాలు, ఖరీదూ తగ్గుతుంది. అందుకే ఏ ముక్క విప్పినా ముందు కిరోసిన్‌తో కడిగి, దాని మీద నంబరు కోసం వెతకండి. అయితే పాత బ్రిటిష్ డిజైన్లలో అంగుళాల బేరింగులు కూడా ఉంటాయి. 25.4 మిల్లీమీటర్ల ఇరుసు మీదికి 25 బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించే ప్రయత్నం మాత్రం చెయ్యనివ్వకండి.

ఇక పిస్టన్లు. 1489 ఇంజిన్ అసలు బోరు 73.025 మిల్లీమీటర్లు. సిలిండరు అరిగినప్పుడు బోరు కొట్టించి కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. ఆ పెద్దవి అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై, నలభై సైజుల్లో వస్తాయి. నలభై అంటే దాదాపు ఒక మిల్లీమీటరు. ఇక్కడ చాలామంది వరస తప్పుతారు. ముందు బోరు కొట్టించి, తర్వాత ఆ సైజు పిస్టన్ కోసం ఊళ్లు తిరుగుతారు. కొత్త బండికైతే అది చెల్లుతుంది, సామాను దొరుకుతుంది కాబట్టి. పాత బండికి ముందు పిస్టన్ల సెట్టు చేతికి రావాలి. వాటిని మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలతకే బోరు కొట్టాలి. పెట్టె మీద ఇరవై అని రాసి ఉన్నా లోపలి పిస్టన్ కొద్దిగా తేడాగా ఉండవచ్చు. బోరు కొట్టేవాడి ముందు పిస్టన్ ఉంటే ఆ తేడా సమస్యే కాదు. ఇప్పటికే నలభైకి వెళ్లిపోయిన బ్లాకు అయితే స్లీవ్ వేసి మళ్లీ మొదటి కొలతకు తెచ్చుకోవచ్చు. బ్లాకు మార్చేయమని తొందరపెట్టే సలహా వినకండి, దానికి చట్టపరమైన కారణం కూడా ఉంది, చివర్లో చెబుతాను.

బయటి తయారీదారులందరూ ఒకటి కాదు. మద్రాసులో 1949లో మొదలైన ఇండియా పిస్టన్స్, 1960ల తొలినాళ్లలో పాడి దగ్గర మొదలైన లూకాస్ టీవీఎస్, బ్రేక్స్ ఇండియా వంటివి డ్రాయింగు దగ్గర పెట్టుకుని పనిచేసే సంస్థలు. అలాంటి తయారీదారుల పాత స్టాకు దొరికితే కంపెనీ సామానుతో సమానంగా నమ్మవచ్చు. ఆ తర్వాతి వరసలో చిన్న వర్క్‌షాపులున్నాయి. వాళ్లను చిన్నచూపు చూడను. వాళ్లే లేకపోతే ఈ బండ్లు ఎప్పుడో తుక్కుకు పోయేవి. కానీ వాళ్ల పనిలో ఒక సహజమైన లోపం ఉంది. వాళ్ల దగ్గర డ్రాయింగు ఉండదు, నమూనా ముక్క ఉంటుంది. అరిగిపోయిన జాకెట్టును కొలతకిచ్చి కొత్తది కుట్టించినట్టు, నమూనాలో ఉన్న అరుగుదలంతా కొత్త ముక్కలోకి కూడా వచ్చేస్తుంది.

పోత వస్తువుల్లో ఇంకో సూక్ష్మం ఉంది. అసలు ముక్కనే ఇసుకలో అద్ది అచ్చు తీసి, కరిగిన లోహం పోస్తే, అది చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పోత ఇనుము సుమారు ఒక శాతం, అల్యూమినియం అంతకంటే కొంచెం ఎక్కువ. డ్రాయింగుతో పనిచేసేవాడు ఆ శాతాన్ని ముందే కలిపి అచ్చు పెద్దదిగా చేస్తాడు. ముక్కనే అచ్చుగా వాడేవాడు కలపడు. 300 మిల్లీమీటర్ల బ్రాకెట్టు మూడు మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుంది. ఒక చివర బోల్టు దూరుతుంది, రెండో చివర రంధ్రం సగమే కలుస్తుంది. మీ ముక్కకు ఈ జబ్బే ఉంటే రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసి సరిపెట్టవచ్చు కానీ ఇంజిన్ మౌంటింగు, స్టీరింగు భాగాల్లో అది ఎప్పుడూ చెయ్యకూడదు. రబ్బరుకు ఈ కుంచించుకుపోవడం లోహం కంటే ఎక్కువ. బీడింగు రబ్బరు డోరు చుట్టూ తిరిగి చివర రెండు వేళ్లంత తక్కువపడటానికి ఒక కారణం ఇదే. అందుకే పోత వస్తువు కొనేటప్పుడు రూపం చూసి మురిసిపోకుండా, బోల్టు రంధ్రం మధ్య నుంచి బోల్టు రంధ్రం మధ్యకు ఎంతో కొలిచి చూడాలి. పాత ముక్క, వెర్నియర్ స్కేలు రెండూ సంచిలో లేకుండా దుకాణానికి వెళ్లవద్దు.

మడ్‌గార్డు, డోరు, బానెట్ లాంటి రేకు పనిలో నా ఓటు పాత బండి నుంచి తీసినదానికే. కంపెనీ రేకు మందంగా ఉంటుంది. బయట కొట్టి చేసిన ముక్కల్లో 22 గేజి వాడితే మందం 0.7 మిల్లీమీటర్లే. 20 గేజి అయితే 0.9. పలచటి రేకు వేలితో నొక్కితే తెలిసిపోతుంది, వెల్డింగు వేడికి వంకరపోతుంది. తుప్పు పట్టని పాత డోరు, సొట్టలున్నా సరే, కొత్తగా కొట్టిన డోరు కంటే తక్కువ శ్రమతో కూర్చుంటుంది. డోరు సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉందంటే డోరును కోసే ముందు కీళ్ల పిన్నులు చూడండి. ఏళ్ల తరబడి పిల్లలు వేలాడిన డోరు కీలు అరిగి కిందికి జారి ఉంటుంది. పిన్నులు మార్చినా సందు సర్దుకోకపోతే బాడీనే కొలవాలి. ముందు అద్దం ఫ్రేములో ఈ మూల నుంచి ఆ మూలకు టేపు పట్టి, తర్వాత రెండో జత మూలలు కొలిస్తే రెండూ సమానంగా రావాలి. తేడా వచ్చిందంటే ఎప్పుడో ఒక చెట్టునో లారీనో కొట్టిన బండి అది. అలాంటి బండికి ఏ డోరు తెచ్చినా కూర్చోదు, ముందు బాడీని లాగించి సరిచెయ్యాలి. డెంటింగు మేస్త్రీలు కొందరు ఈ తేడాను పుట్టీతో కప్పేస్తారు. రంగు వేసిన రోజు అందంగానే ఉంటుంది, రెండు ఎండాకాలాలు గడిచేసరికి పెచ్చులూడుతుంది.

రంగు వెయ్యకముందే అన్ని డోర్లు, బానెట్, డిక్కీ, గ్రిల్లు, బంపర్లు, బీడింగు రబ్బరుతో సహా ఒకసారి బిగించి చూసుకోవాలి. రబ్బరు లేకుండా చక్కగా పడిన డోరు రబ్బరు పెట్టాక మూతపడకపోవడం సర్వసాధారణం. ఇదంతా రంగు తర్వాత తెలిస్తే చేసేదేమీ ఉండదు. ముందు అద్దం మాత్రం పాతదాని మీద మమకారం పెట్టుకోకుండా లామినేటెడ్ అద్దమే వేయించండి. నిబంధన కూడా అదే.

పాత బండి నుంచి తీసినది ఎంత నాణ్యమైనదైనా వేసుకోకూడని చోట్లున్నాయి. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ల రబ్బర్లు, మాస్టర్ సిలిండరు, స్టీరింగు చివర్లు. వీటిలో నేను రాజీకి ఒప్పుకోను. పెట్టె విప్పని పాత స్టాకు అని మురిపెంగా చూపిస్తారు. ఇనుముకైతే అది వరమే. రబ్బరు పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. ముప్పై ఏళ్ల కిందటి బ్రేకు కప్పు చూడటానికి నల్లగా నిగనిగలాడినా వంచితే సన్నగా పగుళ్లు కనిపిస్తాయి. బ్రేకుల్లో పోసే ద్రవం కూడా చూసుకోవాలి. డాట్ 3 రకానికి తయారైన రబ్బరులో ఇంజిన్ ఆయిలు చుక్క కలిసినా ఉబ్బి ఇరుక్కుంటుంది. టైర్లకు కూడా వయసు ఉంటుంది. పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 3523 అంటే 2023లో 35వ వారంలో తయారైందని.

ఇక ఎక్కడ వెతకాలి? ముందు ఇంటి దగ్గరే. బేరింగులు, సీళ్లు, బెల్టులు హాలియాలోనే చాలావరకు తేలిపోతాయి. బుష్‌లు, పిన్నులు, స్పేసర్లు చేయించుకోవడానికి మిర్యాలగూడ వంటి చోటుకు మించినది లేదు. రైసు మిల్లులు ఉన్న ఊళ్లో లేత్ పనికి కరువుండదు. కమాన్ పట్టీలు సాగదీసి మళ్లీ వంపు తేవడం లారీల పని చేసేవాళ్లకు చేతిలో విద్య. ఆ తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్, అటు విజయవాడ ఆటోనగర్. ఇంకా దూరమైతే చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు కొత్త సామానుకు, పుదుప్పేట ఊడదీసిన సామానుకు. అంబాసిడర్ కోసమే అయితే కోల్‌కతా మల్లిక్ బజార్. బండి పుట్టింది ఆ పక్కనే, దశాబ్దాల పాటు ఆ నగరపు టాక్సీ అదే. గ్రిల్లు, వీల్ క్యాపులు, డ్యాష్‌బోర్డు మీటర్లు లాంటివి అక్కడ తెలిసినవాళ్ల ద్వారా వెతికించుకోవడం మేలు.

దేశం బయటి దారి ఒకటుంది. 1489 సీసీ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి’ సిరీస్ కుటుంబానిది. ఇంగ్లండ్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ అదే ఘనపరిమాణం ఇంజిన్ ఉండేది. ఆ కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు అక్కడ బోలెడుమంది. అందువల్ల గాస్కెట్లు, వాల్వులు, టైమింగ్ చైన్లు, బేరింగ్ షెల్స్ అక్కడ ఇప్పటికీ తయారవుతున్నాయి. ఖరీదు, పన్ను, రవాణా కలిపితే బరువే కానీ కొలత నమ్మకంగా ఉంటుంది. అయితే ఉత్తరపాడాలో ఏళ్ల తరబడి చేసిన మార్పులు ఇంగ్లండ్ కేటలాగులో ఉండవు కాబట్టి, మన ముక్క కొలతలు, ఫొటో పంపి అడిగాకే డబ్బు కట్టాలి. జీపువాళ్ల పరిస్థితి ఇంకా మెరుగు. విల్లీస్ వంశం ప్రపంచమంతా పాకింది కాబట్టి దాని సామాను ఇప్పటికీ విరివిగా తయారవుతుంది. పద్మినిది కష్టం. ఇంజిన్ ముక్కలు దొరికినా బాడీ ముక్కలకు ముంబై పాత సామాన్ల బజార్లే దిక్కు.

దుకాణదారుతో మాట్లాడే తీరు మార్చుకుంటే ‘అన్నిటికీ వస్తది’ అన్న మాట దానంతటదే పలచబడుతుంది. “అంబాసిడర్ వీల్ సిలిండర్ ఉందా?” అని కాక, “మార్క్ 4 పెట్రోల్, ముందు డ్రమ్ము, బోరు ఇంత, ఇదిగో పాతది” అనండి. “పెద్దాయనా, పెట్టె విప్పి పక్కపక్కన పెట్టి చూద్దాం” అనండి. నిజంగా తెలిసిన దుకాణదారు దీనికి విసుక్కోడు, పైగా లోపలికి వెళ్లి వేరే పెట్టె తెస్తాడు. తేడా వస్తే వాపసు తీసుకుంటారా అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. నాలుగు కావలసిన చోట ముందు ఒకటే కొని, బిగించి చూసి, మిగతా మూడు అదే పెట్టెల్లోంచి తెచ్చుకోండి. ఫోనులో ఫొటో పంపేటప్పుడు ముక్క పక్కన స్కేలు పెట్టి తీయండి, స్కేలు లేని ఫొటో చూసి సైజు చెప్పడం ఎవరి తరమూ కాదు.

దొరకనిది చేయించుకోవలసి వస్తే లేత్ మేస్త్రీకి కొలత ఒక్కటే చెబితే చాలదు, లోహం ఏదో కూడా చెప్పాలి. కింగ్ పిన్‌ను మామూలు మెత్తటి ఇనుముతో తిప్పిస్తే కొత్తలో అద్దంలా ఉంటుంది, కొన్ని నెలలకే అరిగి స్టీరింగు ఊగుతుంది. దానికి పైపొర గట్టిపరిచిన ఉక్కు కావాలి. పిన్ను చుట్టూ ఉండే బుష్ ఫాస్ఫర్ బ్రాంజు లేదా గన్‌మెటల్‌ది కావాలి, పిన్ను కంటే బుష్ మెత్తగా ఉంటేనే అరిగేది చవకదైన బుష్ అవుతుంది. బుష్‌ను లోపలికి నొక్కి ఎక్కించాక దాని రంధ్రం కొద్దిగా బిగుస్తుంది. అందుకని చివరి కొలతకు రీమరు వెయ్యడం ఎక్కించాకే జరగాలి. ముందే చివరి కొలతకు తిప్పి ఇచ్చిన బుష్‌లో పిన్ను దూరదు, అప్పుడు పిన్నును ఎమరీ కాగితంతో రుద్దడం మొదలవుతుంది. ఆ రుద్దుడుకు పైన గట్టిపరిచిన పొర కాస్తా పోతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లు, సొంత వాడకంలో ఉన్నవి, దీనికి అర్హం. మార్క్ 2 అంబాసిడర్లు ఇప్పుడు ఈ వయసుకు వచ్చేశాయి. పాత నంబరున్న బండికి ఆ నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేస్తే ‘వీఏ’ అక్షరాలతో నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పాత బ్లాకును స్లీవులతో బతికించుకోమన్నది ఇందుకే. ఇసుజు ఇంజిన్ ఎక్కించిన మార్క్ 2 రోడ్డు మీద హాయిగా నడవవచ్చు కానీ ఈ గుర్తింపు దానికి అందదు. ఈ గుర్తింపు పొందిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు.

50 ఏళ్లు నిండని బండికి మామూలు పద్ధతే. 15 ఏళ్ల తర్వాత ప్రతి అయిదేళ్లకూ ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇంజిన్ మార్చి ఉంటే అది ఆర్సీలో ఎక్కి ఉండాలి. ఎప్పుడో మార్చిన ఇంజిన్ ఆర్సీలో ఎక్కకుండా ఉండిపోయిన బండ్లు చాలా ఉన్నాయి కాబట్టి, సామాను కోసం రూపాయి ఖర్చుపెట్టే ముందే నల్లగొండ రవాణా ఆఫీసులో ఆ సంగతి తేల్చుకోవాలి.

కాబట్టి జాబితా రాసుకునే ముందు ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవలసింది ఒకటి ఉంది: ఈ బండి దాచుకోవడానికా, తిప్పుకోవడానికా? దాచుకోవడానికైతే డైనమో డైనమోగానే ఉండాలి, బోల్టు తల కూడా నాటి రకంగానే ఉండాలి, ఆలస్యమైనా కోల్‌కతా నుంచి అసలు గ్రిల్లే రావాలి. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని సాగర్ డ్యాము దాకా వెళ్లి రావడానికైతే ఆల్టర్నేటర్ పెట్టుకోవడంలో తప్పు లేదు, ఊళ్లో దొరికే బేరింగు వేసుకోవడంలో నామోషీ లేదు. అప్పుడు డబ్బు వెళ్లే వరస కూడా మారుతుంది. మొదటి డబ్బు బ్రేకు గొట్టాలకు, వీల్ సిలిండర్లకు, స్టీరింగు చివర్లకు. తర్వాత టైర్లకు, ముందు అద్దానికి. ఆ తర్వాత ఇంజిన్‌కు. క్రోమియం పూత, వీల్ క్యాపులు, సీటు కవర్లు అన్నిటికంటే ఆఖరున. చాలామంది ఈ వరసను తిరగేసి మెరుగులతో మొదలుపెడతారు. బండి తళతళలాడుతూ మళ్లీ షెడ్డులోనే ఉండిపోతుంది, బ్రేకులకు డబ్బు మిగలక.